గిగాబిట్, 8కే అని రాసిన టీవీ బాక్సు కొనేముందు మీ పెళ్లి వీడియో పట్టుకెళ్లి కొట్లోనే వేయించి చూడండి

నెలన్నర క్రితం కోఠి గుజరాతీ గల్లీలో 6,500 రూపాయలు పెట్టి ఒక ఆండ్రాయిడ్ టీవీ బాక్సు కొన్నాను. కొట్టు పేరు రాయడం లేదు. రాసినా పెద్ద ఉపయోగం ఉండదు, అచ్చం అదే డబ్బా నాలుగైదు రకాల పేర్లతో ఆన్‌లైన్‌లోనూ కనిపిస్తోంది. నల్లగా, అరచేతిలో పట్టేంత, ముందు నీలం లైటు. అట్ట మీద 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, గిగాబిట్ ల్యాన్ (సెకనుకు 1000 మెగాబిట్ల వేగంతో వైరు కలిపే పోర్టు), ఆండ్రాయిడ్ 13, పక్కన బంగారు రంగులో 8కే. ఇంట్లో సొంత వీడియోలు చూసుకోవడానికి ఇలాంటిది కొనే ఆలోచనలో ఎవరైనా ఉంటే ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి.

ముందు నా అవసరం ఏమిటో చెప్పాలి. మా ఇంట్లో 2 టీబీ దాకా సొంత వీడియోలున్నాయి. 2003లో కొన్న హ్యాండీక్యామ్‌తో నాన్న తీసిన మినీ డీవీ టేపులు, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే గంటకు 13 జీబీ వచ్చాయి. అన్నప్రాసనలవీ, గృహప్రవేశాలవీ డీవీడీలు. ఫోన్లలో తీసినవి. వీటన్నిటికీ పెద్దన్న లాంటిది, 2022లో మా చెల్లెలి పెళ్లికి వీడియో తీసినాయన హార్డ్‌డిస్కులో పోసి ఇచ్చిన రా డేటా, అంటే ఎడిట్ చేయని అసలు ఫైళ్లు. అన్నీ ఒక పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి జెల్లీఫిన్ వేశాను. జెల్లీఫిన్ అంటే మీ వీడియోలను వరసగా అమర్చి ఇంట్లో ఏ టీవీకైనా, ఫోన్‌కైనా పంపించే ఉచిత సాఫ్ట్‌వేర్. 2018 చివర్లో ఎంబీ (Emby) అనే ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి పుట్టింది, నెలనెలా కట్టాల్సింది ఏమీ లేదు. హాల్లో టీవీ పాతది, అందులో దీని యాప్ లేదు. అమ్మ రిమోట్ తీసుకుని తనంతట తాను చూసుకోవాలి, ఇదీ కోరిక. అందుకే బాక్సు.

కొట్లో ఇదంతా వివరంగా చెప్పాను. ఆయన సగం విని, "అన్నా, 4కే ఏంది, 8కే గూడ నడుస్తది. గ్యారంటీ నాది" అన్నాడు. పెన్‌డ్రైవ్ గుచ్చి జలపాతం, చిలకలు ఉన్న వీడియో ఒకటి వేసి చూపించాడు. కళ్లు చెదిరేలా ఉంది. నేను పడిపోయింది అక్కడే. ఆ వీడియో వాళ్లది, పెన్‌డ్రైవ్ వాళ్లది, నిడివి రెండు నిమిషాలు. నెట్‌వర్క్ అన్న మాటే అందులో లేదు.

ఇంటికొచ్చి పాత డీవీడీలు పెడితే బాగానే ఆడాయి. కదిలే మనిషి చుట్టూ దువ్వెన పళ్లలా గీతలొచ్చాయి గానీ, అవి పాత కాలపు ఇంటర్‌లేస్డ్ (బొమ్మను గీత విడిచి గీతగా రెండు సగాలు చేసి చూపించే) వీడియోలు, సెట్టింగ్‌లో డీఇంటర్‌లేస్ పెడితే పోయాయి. మినీ డీవీ టేపులూ ఆడాయి. తర్వాత చెల్లెలి పెళ్లి పెట్టాం. జీలకర్ర బెల్లం దగ్గర ఆగింది. తెర మధ్యలో గుండ్రటి చక్రం గానుగెద్దులా తిరుగుతోంది. పది సెకన్లు ఆడటం, ఆరు సెకన్లు ఆగడం. "ఒరేయ్, పెళ్లయి ఇన్నేళ్లయింది, అది ఇంకా బెల్లం పెట్టలేదు" అంది అమ్మ.

కొట్టుకు ఫోన్ చేస్తే "మీ వైఫై స్లో అన్నా, వైర్ పెట్టున్రి" అన్నాడు. సరే, క్యాట్ 6 వైరు 15 మీటర్లు కొని, గోడకు క్లిప్పులు కొట్టి, రౌటర్ నుంచి హాల్లోకి లాగాను. ఒక ఆదివారం అంతా దానికే పోయింది. పెట్టి చూస్తే అదే చక్రం.

అప్పుడు చేయాల్సిన పని చేశాను, నిజానికి మొదటి రోజే చేసుండాల్సింది. రౌటర్ పేజీలోకి వెళ్లి ఏ పోర్టు ఎంత వేగంతో కలిసిందో చూశాను. బాక్సు ఉన్న పోర్టు ఎదురుగా 100 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 100 మెగాబిట్లు. అదే వైరు పీకి ఇంకో ల్యాప్‌టాప్‌కు పెడితే 1000. అంటే వైరు బాగుంది, రౌటర్ బాగుంది, అట్ట మీద గిగాబిట్ అన్నది పచ్చి అబద్ధం.

ఈ లెక్క కొంచెం వివరంగా చెబుతాను, అసలు సంగతంతా ఇక్కడే ఉంది. డీవీడీ వీడియో ఎంత ఎక్కువైనా సెకనుకు 9.8 మెగాబిట్లు దాటదు. మినీ డీవీలో వీడియో ఒక్కటే 25. ఫోన్‌లో తీసిన 4కే 50 చుట్టుపక్కల ఉంటుంది. వీటికి 100 పోర్టు ధారాళంగా సరిపోతుంది. కానీ పెళ్లిళ్లకు వాడే సోనీ ఏ7 III లాంటి కెమెరాల్లో 4కే మంచి క్వాలిటీలో పెడితే వీడియో ఒక్కటే సెకనుకు 100 మెగాబిట్లు. గంటకు 45 జీబీ. 100 పోర్టు నుంచి చేతికొచ్చేది మహా అయితే 94. వంద లీటర్లు పోయాల్సిన చోట తొంభై నాలుగు వస్తుంటే మధ్యలో ఆగక ఏం చేస్తుంది?

ఒక మాట ఒప్పుకోవాలి. 100 పోర్టు పెట్టడం దానంతట అది మోసం కాదు. పేరున్న కంపెనీల ఖరీదైన టీవీల్లో కూడా చాలావాటికి ల్యాన్ పోర్టు 100 మాత్రమే, వాటికి వైరు కన్నా 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది. వైరు అంటే వేగం అనుకుని గోడలు తొలిచేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. నా గొడవ 100 పెట్టి 1000 అని రాయడం గురించి.

పోర్టు దగ్గర అబద్ధం దొరికాక మిగతావి మాత్రం నిజమని ఎందుకు నమ్మాలి? నెట్‌వర్క్ వద్దులే, బాక్సులోకే కాపీ చేసుకుందాం అని 20 జీబీ క్లిప్పులు ఎక్కించాను. ఎక్కినట్టే చూపించింది. పేర్లన్నీ ఉన్నాయి, సైజులన్నీ ఉన్నాయి. మొదటి నాలుగు తెరుచుకున్నాయి, తర్వాతివి ఒక్కటీ తెరుచుకోలేదు. సెట్టింగ్స్‌లో చూస్తే 64 జీబీ అనే ఉంది. వారంటీ కార్డు ఎలాగూ ఇవ్వలేదు కదా అని అడుగున మరలు విప్పి, లోపల మెమరీ చిప్ మీద నంబరు వెతికితే అది 8 జీబీది. అట్ట మీదా అబద్ధమే, సెట్టింగ్స్‌లోనూ అబద్ధమే. ఫర్మ్‌వేర్‌లోనే, అంటే బాక్సును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌లోనే, అంకె మార్చి రాసేశారు. కాబట్టి సెట్టింగ్స్ తెరిచి చూపించాడు కదా అని ఎవరూ సంతోషపడకండి. ఉన్న ఒక్క వీడియోనూ కాపీ చేసి, ఇక్కడిది చెరిపేసి, తర్వాత చూసుకుంటే? నేను అసలువి ఉంచుకున్నాను కాబట్టి బతికిపోయాను.

పెన్‌డ్రైవ్ దారి కూడా చూశాను. ఈ బాక్సు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లనే చదువుతుంది. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. పెళ్లి క్లిప్పుల్లో అంతకన్నా చిన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ కథ అక్కడితో సరి.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం డబ్బు నష్టం కన్నా పెద్దది. ఇందులో ఉన్న ఫైల్ మేనేజర్‌కు ల్యాప్‌టాప్‌లోని షేర్డ్ ఫోల్డర్ కనిపించలేదు. కొట్టాయన్ని అడిగితే వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు: విండోస్‌లో ఎస్‌ఎంబీ1 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) ఆన్ చేయండి, వచ్చేస్తుంది అని. చేశాను, వచ్చేసింది. సాయంత్రం ఆఫీసులో ఐటీ చూసే స్నేహితుడికి గొప్పగా చెబితే నెత్తి కొట్టుకున్నాడు. 2017 మే నెలలో ప్రపంచం మీద పడిన వానాక్రై వైరస్ లోపలికొచ్చిన దారి అదేనట. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని మామూలుగా వేయడమే మానేసింది. ఫోల్డర్ కనిపించడం కోసం వీధి తలుపు గడియ తీసి పెట్టమని సలహా ఇచ్చాడన్నమాట. వెంటనే ఆపేశాను. మీ బాక్సు ఎస్‌ఎంబీ1 తప్ప వేరేది రాదంటే ఆ ఫైల్ మేనేజర్ వదిలేసి కోడి (Kodi) గానీ వీఎల్‌సీ గానీ, ఉచిత ప్లేయర్ యాప్ ఏదో ఒకటి వాడండి, అవి కొత్త పద్ధతిలో మాట్లాడతాయి.

ఇంకోటి. దీంట్లో సినిమాలు ఉచితం అనే యాప్‌లు ముందే వేసి ఉన్నాయి. వాటిని తెరిస్తే ప్లే ప్రొటెక్ట్, అంటే చెడ్డ యాప్‌లను పట్టే గూగుల్ కాపలా, ఆపమని అడుగుతుంది. 2023 జనవరిలో టీ95 అనే ఇలాంటి బాక్సులోనే, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఫర్మ్‌వేర్‌లోనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఉన్నట్టు ఒక కెనడా వ్యక్తి బయటపెట్టాడు. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ బ్యాడ్‌బాక్స్ 2.0 అనే మాల్‌వేర్ గురించి హెచ్చరిక ఇచ్చింది: ఇలాంటి టీవీ బాక్సుల్లాంటివి కొన్నవాళ్ల ఇంటి నెట్‌వర్క్‌ను వాళ్లకు తెలియకుండానే నేరగాళ్లు వాడుకుంటున్నారని. ప్లే ప్రొటెక్ట్ ఆపమని అడగడం అనుమానించాల్సిన లక్షణాల్లో ఒకటని అందులోనే ఉంది. తర్వాతి నెల గూగుల్ కోర్టుకెళ్తూ కోటికి పైగా పరికరాలు దీని బారిన పడ్డాయని చెప్పింది. నా బాక్సులో అదే ఉందని తేల్చి చెప్పే పరీక్ష నేను చేయలేదు. కానీ ఇంట్లో అందరూ పడుకున్నాక, బాక్సు స్టాండ్‌బైలో ఉండగా, రాత్రి రెండింటికి రౌటర్‌లో దాని ఎదురుగా డేటా కదులుతుంటే చూశాను. ఉదయం లేవగానే వైరు పీకేశాను.

మరి ఏం చూసి కొనాలి అంటారా? మొదటిది, మీ దగ్గరున్న అన్నిటికన్నా బరువైన ఫైలు ఫోన్‌లో వేసుకుని వెళ్లండి. ఫోన్‌లో వీఎల్‌సీ లాంటి ప్లేయర్ కాకుండా, ఫైళ్లను నెట్‌వర్క్‌లో షేర్ చేసే యాప్ ఒకటి పెట్టుకుని, ఫోన్, బాక్సు రెండూ కొట్టు వైఫైలోనే కలిపి, నెట్‌వర్క్ మీదుగా పదిహేను నిమిషాలు ఆడించమనండి. కుదరదంటే దండం పెట్టి వచ్చేయండి. రెండోది, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ కింద డివైస్ సర్టిఫైడ్ (గూగుల్ ఆమోదించిన పరికరం) అని ఉందో లేదో చూడండి. మూడోది, అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల నంబరు వెతకండి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరిదో వస్తుంది. నా అడాప్టర్ మీద చైనా అక్షరాలు తప్ప ఇంకేం లేవు.

బాక్సును తిట్టకూడని చోటు కూడా ఒకటుంది. పెళ్లిలో రెండో కెమెరాతో తీసిన క్లిప్పులు 10 బిట్ 4:2:2 అనే, రంగుల వివరం ఎక్కువుండే రకం. అవి ఇది కాదు కదా, ఇంతకు మూడింతల ధర బాక్సులో కూడా సరిగ్గా ఆడవు. మామూలు ప్లేయర్ చిప్పులకు ఆ రకం రాదు. వాటిని హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి టీవీ బాక్సుల్లో ఆడే హెచ్.265 రకానికి మార్చుకున్నాను, నాలుగు రాత్రులు పట్టింది. అసలు ఫైళ్లు మాత్రం అలాగే ఉంచాను. మీ వీడియోగ్రాఫర్ ఇంకా పని పూర్తి చేయకపోతే, టీవీలో ఆడే కాపీ ఒకటి విడిగా అడిగి తీసుకోండి.

డబ్బు సంగతి. వాపసు అడగడానికి వెళ్తే గోడ మీద బోర్డు చూపించాడు, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని. కొన్నప్పుడు బిల్లు అడిగితే నాకు ఇచ్చింది చిన్న ఎస్టిమేట్ చీటీ. నాకు తెలిసొచ్చిన విషయం ఏంటంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపం ఉన్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వనన్నా అంతే. బోర్డు రాసుకున్నంత మాత్రాన చట్టం మారదు. నేను 22వ రోజున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. యూపీఐ చెల్లింపు, అట్ట ఫోటో, రౌటర్ పేజీ ఫోటో, చిప్ ఫోటో పెట్టాను. ఆ ఫిర్యాదు నంబరు పట్టుకుని మళ్లీ కొట్టుకెళ్తే మాట తీరు మారింది. "ముందే చెప్తే అయిపోవు గదన్నా" అంటూ ముందు ఇంకో మోడల్ తీసుకోమన్నాడు, తర్వాత మూడు వేలన్నాడు, చివరికి 4,000 ఇచ్చాడు. మొత్తం కోసం వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లొచ్చు, నేను వెళ్లలేదు. ఓపిక లేదు, నిజం చెప్పాలంటే.

ఆ నాలుగు వేలకు ఇంకొంచెం కలిపి టీవీకి గుచ్చే సర్టిఫైడ్ స్టిక్ ఒకటి బిల్లుతో కొన్నాను. ల్యాన్ పోర్టే లేదు దానికి. 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద జీలకర్ర బెల్లం దాటి, తలంబ్రాలు దాటి, అప్పగింతల దాకా ఆగకుండా వెళ్లింది. లాగిన 15 మీటర్ల వైరు గోడకు అలాగే ఉంది, చివర ఏమీ లేకుండా. పాత బాక్సు వెనక్కి తీసుకునేటప్పుడు లోపలున్న హెచ్‌డీఎంఐ వైరు అడగడం ఆయన మర్చిపోయాడు. అది మాత్రం బాగానే పనిచేస్తోంది.