పీహెచ్‌ఐ గ్రీకు శాసనాల సైట్: ఏళ్ల తరబడి వాడాక

రోమన్ల పాలనలో గ్రీకు నగరాలు పెద్దమనుషులకు వేయించిన గౌరవ శాసనాలు చదవడం నాకో పిచ్చి. విరిగిన రాళ్లైతే మరీనూ. అందుకు నేను ఎక్కువగా వాడేది ప్యాకార్డ్ హ్యుమానిటీస్ ఇన్‌స్టిట్యూట్ (పీహెచ్‌ఐ) వాళ్ల సైట్. ఉచితం, లాగిన్ గొడవ కూడా లేదు.

దీని అసలు బలం సెర్చ్. గౌరవ శాసనాలకు ఒక మూస ఉంటుంది. తరచుగా ముందు ‘హే బూలే కై హో దేమోస్’, అంటే నగరసభా, ప్రజలూ అని వస్తుంది. తర్వాత గౌరవం పొందినవాడి పేరు ద్వితీయా విభక్తిలో, ఆపైన ‘అరెతేస్ హెనెకెన్’, అతని సద్గుణం వల్ల అని. రాయి మీద ఒక మాట ముక్క మిగిలినా, దాన్ని ఇచ్చి వెతికితే ఎఫెసస్ నుంచో ఏథెన్స్ నుంచో అలాంటి వరుసలే బయటపడతాయి. వాటిని చూసి పోయిన పంక్తిని ఊహించొచ్చు. అచ్చు సంపుటాలతో ఇదే పని చేయాలంటే లైబ్రరీలోనే కాపురం పెట్టాలి.

చిక్కు కూడా అక్కడే ఉంది. చదరపు బ్రాకెట్లలో ఉన్నది రాయి మీద ఇప్పుడు లేనిది, సంపాదకుడు పూరించినది. 1931లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పండితులు కుదుర్చుకున్న పద్ధతి ఇది. (భారతీయ శాసనాలు అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాలు తిరగేసిన మనవాళ్లకు బ్రాకెట్లు కొత్త కాదు, కాకపోతే అక్కడ పూరించిన అక్షరానికి నక్షత్రం గుర్తు కూడా పెడతారు.) సెర్చ్‌లో మాత్రం చెక్కినదీ పూరించినదీ కలిసే వస్తాయి. ఒకరి పూరణను చూసి ఇంకొకరు పూరిస్తే, ఊహే సాక్ష్యమై కూర్చుంటుంది. అందుకే ‘సభా, ప్రజలూ’ లాంటి మూసమాటల పూరణను నమ్ముతాను. పేరూ పదవీ బ్రాకెట్లో కనిపిస్తే మాత్రం నమ్మను.

ఫొటోలు లేకపోవడం రెండో లోటు. ఏథెన్స్‌లోని పార్థినాన్ గుడి తూర్పు దూలం మీద క్రీ.శ. 61/62లో నీరో చక్రవర్తిని గౌరవిస్తూ పెట్టిన శాసనమే తీసుకోండి. కంచు అక్షరాలు ఎప్పుడో పోయాయి, వాటిని బిగించిన రంధ్రాలే మిగిలాయి. 1896లో యూజీన్ ఆండ్రూస్ అనే అమెరికన్ విద్యార్థి తాళ్లకు వేలాడుతూ, తడి కాగితంతో అచ్చులు తీసి, రంధ్రాల అమరికను బట్టి పాఠాన్ని తేల్చాడు. రంధ్రాలు చూడకుండా ఆ పాఠం ఎంత గట్టిదో ఎలా తెలుస్తుంది?

ఈ విషయంలో ‘ఇన్‌స్క్రిప్షన్స్ ఆఫ్ అఫ్రోడిసియస్’ (నేటి టర్కీలో ఉన్న ఆ పాత నగరపు శాసనాల సైట్) చాలా మేలు. జాయిస్ రేనాల్డ్స్, షార్లెట్ రూషే, గేబ్రియల్ బోడార్డ్ 2007లో పెట్టిన ఆ సైట్‌లో ఫొటోలు, ఇంగ్లిష్ అనువాదాలు, రాయి ఎక్కడ దొరికిందన్న వివరాలు ఉన్నాయి. ఆక్టేవియన్ (తర్వాతి అగస్టస్ చక్రవర్తి) విడుదల చేసిన బానిస జోయిలోస్ తన ఊరికి ఎంత పెద్దవాడయ్యాడో అక్కడే చదివాను. కాకపోతే అది ఒక్క నగరానికే పరిమితం. కాబట్టి రెండు సైట్లూ పక్కపక్కనే తెరుచుకుంటాను.

పీహెచ్‌ఐ పాఠాలతోనే శిక్షణ ఇచ్చిన ఇథాకా అనే ఏఐ 2022లో వచ్చింది. పోయిన అక్షరాల పూరణలో చరిత్రకారులు ఒంటరిగా 25 శాతం, దాని సాయంతో 72 శాతం సరిగ్గా చెప్పారట. నేను మాత్రం దాన్ని సలహాల వరకే వాడుకుంటాను.

గ్రీకు రానివాళ్లకు పీహెచ్‌ఐతో పెద్దగా పని జరగదు, అనువాదాలు ఉండవు. ఏథెన్స్ ప్రాంతపు శాసనాలను ఇంగ్లిష్ అనువాదాలతో ఇచ్చే అట్టిక్ ఇన్‌స్క్రిప్షన్స్ ఆన్‌లైన్ సైట్‌తో మొదలుపెట్టండి.