ఒంటి పడవా, జంట పడవా: తెరచాప మీద కాపురానికి ఏది మేలు?

తెరచాప పడవలోనే కాపురం పెట్టి, గాలి అనుకూలించినప్పుడు తీరం వెంబడి తిరుగుతూ, దారిలో చేపలు పట్టుకుంటూ, అప్పుడప్పుడు బంధుమిత్రులను పిలిచి నాలుగు రోజులు ఉంచుకోవాలని కోరుకునేవారు అన్నింటికంటే ముందు తేల్చుకోవలసింది పడవ ఆకారం. అడుగున బరువైన కీల్ (నీళ్లలోకి దిగే రెక్కలాంటి భాగం) బిగించిన ఒంటి పడవ ఒక రకం, రెండు సన్నని పడవలను పక్కపక్కన నిలిపి మీద అరుగు కట్టిన జంట పడవ మరొక రకం. మొదటిదానిని మోనోహల్ అనీ, రెండవదానిని కాటమరాన్ అనీ వ్యవహరిస్తారు. కాటమరాన్ అన్న పేరు మన తూర్పు తీరపు కట్టుమరం నుంచి వెళ్లినదే అయినా, మన పట్టపు జాలరుల కట్టుమరం దుంగలను తాళ్లతో బిగించిన తెప్ప. జంట పడవ రూపం మాత్రం పసిఫిక్ దీవులవారిది. నెల్లూరు దగ్గరి మైపాడు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకు జంట పడవ ఫొటో చూపిస్తే, "ఏంది సామీ, రెండు పడవలు కొని మధ్యలో వసారా దించినారే!" అన్నాడు. అంతకంటే చక్కని వర్ణన నేను ఎక్కడా చదవలేదు.

పోలిక న్యాయంగా ఉండాలంటే రెండూ ఒకే పొడవువి కావాలి కాబట్టి 38 అడుగులవి తీసుకుందాం. ఒంటి పడవ వెడల్పు 12, 13 అడుగులుంటే, జంట పడవ వెడల్పు 20 అడుగులు దాటుతుంది. ఒంటి పడవ మొత్తం బరువులో దాదాపు మూడో వంతు కీల్‌లోని సీసమో ఇనుమో అయి ఉంటుంది; పక్కగాలి తగిలినప్పుడు పడవ 15, 20 డిగ్రీలు ఒరిగి నడుస్తుంది, అలవాటులేనివారికి అది మునిగిపోవడంలా తోచినా నిజానికి అదే దాని నడక. ఈ ఒరుగుడు వల్లనే లోపలి పొయ్యిని ఇరుసుల మీద ఊగేటట్లు బిగిస్తారు. వెడల్పాటి మట్టి దాకలో మామిడికాయ ముక్కలు వేసి చేపల పులుసు కాచే నెల్లూరు పద్ధతి అక్కడ చెల్లదు. లోతైన గిన్నెకు మూత బిగించి, పొయ్యి చుట్టూ ఉన్న కమ్మీల మధ్య ఇరికించి వండుకోవాలి. జంట పడవలో బల్ల మీద పెట్టిన కాఫీ గ్లాసు చాలావరకు పెట్టినచోటే ఉంటుంది. అయితే ఎదురలలో వెళ్లేటప్పుడు అరుగు అడుగుభాగాన్ని నీళ్లు దబదబా బాదుతుంటే నిద్ర పట్టదు, కదలిక కూడా కుదుపుగా ఉంటుంది.

తుపానులో తలకిందులైతే కీల్ బరువు ఒంటి పడవను తిరిగి నిలబెడుతుంది, జంట పడవ మాత్రం బోర్లాపడితే అలాగే ఉండిపోతుంది. 2017–18లో మన నావికాదళానికి చెందిన ఆరుగురు మహిళలు భూమిని చుట్టివచ్చిన ఐఎన్ఎస్‌వీ తారిణి 56 అడుగుల ఒంటి పడవ. ఆ బృందంలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. కృష్ణపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 750 నాటికల్ మైళ్లు, అంటే రోజుకు 130 మైళ్ల లెక్కన ఆరు రోజుల దారి. అంత దూరం ఎప్పుడైనా పోవాలన్న కోరిక ఉన్నవారు ఈ విషయాన్ని గట్టిగా ఆలోచించుకోవాలి.

అతిథుల సంగతికి వస్తే త్రాసు రెండోవైపు మొగ్గుతుంది. ఒంగోలు దగ్గరి కొత్తపట్నం నుంచి నెల్లూరు దగ్గరి కోడూరు దాకా మన తీరం దాదాపు తిన్నగా ఉంటుంది, పడవను చాటుచేసే కొండలు, లోతైన అఖాతాలు లేవు. అలాంటి చోట లంగరు వేస్తే పొంగు పక్కనుంచి వచ్చి ఒంటి పడవను రాత్రంతా ఉయ్యాల ఊపుతుంది, అంతకుముందు సముద్రం ఎరుగని చుట్టాలు తెల్లవారేసరికి ఇంటికి బస్సు ఎప్పుడని అడుగుతారు. జంట పడవలో ఆ ఊపు బాగా తక్కువ, పైగా అతిథుల గదులు ఒక పడవలోనూ మన గది ఇంకొక పడవలోనూ ఉంటాయి కాబట్టి ఎవరి మరుగు వారికి ఉంటుంది. దాని బలహీనత బరువు. 500 లీటర్ల నీళ్లంటే అర టన్ను. దానికి నలుగురి సంచులు, బియ్యం, గ్యాస్ సిలిండర్లు తోడైతే తేలికగా నడవవలసిన పడవ ఎద్దుబండిలా ఈడుస్తుంది. ఇద్దరు మనుషులు గిన్నెలను ముందు ఉప్పునీళ్లతో కడిగి, చివరిసారి మాత్రం మంచినీళ్లు పోసుకుంటే రోజుకు 15, 20 లీటర్లతో గడుపుకోవచ్చు. బియ్యం నాలుగుసార్లు కడిగితే తప్ప ఎసట్లో వేయని పెద్దమ్మ ఒకరు వస్తే ఈ లెక్క రెండో రోజుకే తారుమారవుతుంది.

చేపల విషయంలో పెద్ద తేడా లేదు. ఐదారు నాట్ల వేగంతో, అంటే గంటకు ఐదారు నాటికల్ మైళ్లు సాగుతూ వెనుక గాలం లాగితే రెండు పడవలకూ వంజరం, సూర చేపలు పడతాయి. జంట పడవ వెనుక నీళ్ల దాకా దిగే మెట్లు ఉండడంతో చేపను పైకి తీయడం, అక్కడే కోసి కడగడం సులువు. ఇంజను ఉన్న పడవలకు మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. సహాయక ఇంజను లేని తెరచాప పడవ ఇప్పుడు అరుదు కనుక ఆ రెండు నెలలు గాలం చుట్టిపెట్టుకోవడమే మర్యాద. రాత్రిళ్లు వలల మీదుగా పోవలసివచ్చినప్పుడు పాతకాలపు పొడవాటి కీల్ ఉన్న ఒంటి పడవ వాటి మీదుగా జారిపోయే అవకాశం ఎక్కువ. జంట పడవకు రెండు చుక్కానులు, రెండు ప్రొపెల్లర్లు, అంటే తగులుకునే చోట్లూ రెండింతలే. తెగేది ఒకరి బతుకుతెరువని గుర్తుంచుకోవాలి.

నా తీర్పును నడిపించినది మాత్రం వీటిలో ఏదీ కాదు, పడవను ఎక్కడ కట్టుకుంటామన్న ప్రశ్న. జంట పడవకు 1.2 మీటర్ల లోతు చాలు, ఒంటి పడవకు 1.6 నుంచి 2 మీటర్లు కావాలి; కాగితం మీద ఇది జంట పడవకు గొప్ప లాభం. కాని పులికాట్ సరస్సు సగటు లోతే మీటరుకు అటూఇటూ, అది గడతో తోసుకుపోయే నావల రాజ్యం. పెన్న ముఖద్వారంలో ఇసుక మేటలు జరుగుతూ ఉంటాయి, బకింగ్‌హామ్ కాలువ పూడికతో నిండింది. కృష్ణపట్నం సరుకు ఓడలది, జువ్వలదిన్నె హార్బరు వేట పడవలది. కృష్ణపట్నానికి 70 నాటికల్ మైళ్ల దూరంలోని చెన్నై ఓడరేవులో 1911 నాటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది, మెరీనా కావాలంటే కొచ్చిలోని బోల్గట్టి దాకా పోవాలి. అలాంటి చోట్ల 20 అడుగుల వెడల్పుకు స్థలం దొరకడం కష్టం, దొరికితే అద్దె ఎక్కువ. ఆటుపోట్ల తేడా ఇక్కడ మీటరు మించదు కనుక జంట పడవను ఇసుక మీద ఆరబెట్టి అడుగు గీకుకునే వెసులుబాటూ లేదు. 1989 నవంబరులో కావలి దగ్గరా, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గరా తీరం దాటిన తుపానులను చూసినవారెవరూ ఆ నెలల్లో ఇక్కడ పడవలో కాపురముండరు. అక్టోబరు నడిమికల్లా పడవను వేరే తీరానికి చేర్చాలి. ఆ ప్రయాణం ఏటా తప్పదు కాబట్టే నేను ఒంటి పడవ పక్షం. చుట్టాలను జనవరి, మార్చి మధ్య పగటి షికారుకు పిలిచి, పులుసు పెట్టి, రాత్రికి నెల్లూరులోనో ఒంగోలులోనో గది చూపించవచ్చు.

తల్లిదండ్రులు మనతోనే ఉండేటట్లయితే ఈ తీర్పు నిలవదు. జంట పడవలో కూర్చునే గది, చుక్కాని దగ్గరి చోటు ఒకే మట్టంలో ఉంటాయి, ఒంటి పడవలో నిటారైన ఐదారు మెట్లు దిగితే తప్ప లోపలికి పోలేము. చెన్నైలో ఒక స్నేహితుడి పడవలో మా నాన్న ఆ మెట్లు ఒకసారి దిగి, ఎక్కలేక ఎక్కి, రెండో రాత్రి దుప్పటి తెప్పించుకొని చుక్కాని పక్కనే బల్ల మీద పడుకున్నారు.