దివాన్ దేవ్‌డీకి సరుకు కోసం పోయేదాన్ని, సాలార్‌జంగ్ మ్యూజియం చూసొచ్చా

పిల్లల రెడీమేడ్ బట్టల కోసం పదకొండేళ్లుగా హైదరాబాద్ పాతబస్తీలోని దివాన్ దేవ్‌డీకి పోతున్నా. ఏ సందులో ఫ్రాకులు చౌకో కళ్లు మూసుకుని చెప్తా. ఆ దేవ్‌డీ అంటే నిజాంల దగ్గర దివాన్లుగా, అంటే ప్రధానమంత్రులుగా చేసిన సాలార్‌జంగ్‌ల ఇల్లని, ఆ ఇంట్లో సామానే ఇప్పటి మ్యూజియమని మాత్రం మొన్నటిదాకా తెలీదు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ వచ్చి ప్రారంభించింది ఆ ఇంట్లోనే. మూసీ ఒడ్డున, దారుల్‌షిఫాలో ఉన్న ఈ బిల్డింగుకు 1968లో మారింది.

మొదటిసారి శుక్రవారం పోయాం. శుక్రవారం సెలవు. చూసుకోకుండా బయల్దేరడం నా తప్పే. అత్తమ్మ మోకాళ్ల నొప్పులతో అఫ్జల్‌గంజ్‌లో దిగి నయాపూల్ దాటి నడిచొచ్చింది పాపం. "ఇంకోపాలి వద్దాం తియ్" అన్నది. ఆ ఒక్క మాటలోనే నాకు పడాల్సినవన్నీ పడ్డాయి.

మంగళవారం మళ్లీ పోయాం. ముసుగు రెబెక్కా దగ్గర అరగంట నిలబడ్డా. బట్టల మనిషిని కదా, ముఖం కన్నా ముందు ముసుగే చూశా. ముక్కు మీద అంటుకుని, గడ్డం కింద వదులై, చెంప పక్కన సన్నగా మడతలు పడింది. ఆ జారే తీరు షిఫాన్‌ది కాదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ మల్‌మల్‌ది. తీరా చూస్తే పాలరాయి! బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కింది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. అత్తమ్మ దగ్గరికొచ్చి, "తడిబట్ట కప్పుకున్నది, జలుబు చెయ్యదా ఈ పిల్లకు?" అన్నది.

ఎక్కువ పోగేసింది మాత్రం ఆ మొదటి సాలార్‌జంగ్ మనవడు, మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1912లో దివాన్ అయ్యి, 1914లో వదిలేశారు. పెళ్లి చేసుకోలేదు. 1949లో పోయేదాకా కొనడమే పని. పది డజన్ల స్టాకు మిగిలితేనే నాకు నిద్ర పట్టదు. ఆయన అమ్మే ఉద్దేశమే లేకుండా ఇంత కొన్నారు!

మ్యూజియంలో బొమ్మ వచ్చి గంటలు కొట్టే గడియారం ఉంది. అది చూడాలంటే మధ్యాహ్నం 12కే పోండి, పన్నెండు గంటలూ వినొచ్చు. ఇరవై నిమిషాల ముందే కూర్చోండి. గంట కొట్టే బొమ్మ లోపల్నించి వచ్చేసరికి పిల్లలంతా లేచి నిలబడతారు, వెనకవాళ్లకు ఏమీ కనిపించదు. నాకైతే సెకను సెకనుకూ సుత్తి వేసే గడ్డం కమ్మరే నచ్చాడు. పింగాణీ గదులు త్వరగా దాటేశాం, కాళ్లు సహకరించలేదు. ముందు మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, వెనక మార్గరెటా అనే అమ్మాయి ఉన్న చెక్క బొమ్మను మాత్రం వదలొద్దు. వెనక వైపు అద్దంలో కనిపిస్తుంది.

బయటికొచ్చి ఎలాగూ ఇంతదూరం వచ్చాం కదా అని దేవ్‌డీకి పోయి రెండు డజన్ల ఫ్రాకులు తీసుకున్నాం. సందులోకి తిరగ్గానే అత్తమ్మ ఆగి, "నవాబు పండేది ఏ దిక్కు బిడ్డా?" అని అడిగింది. నాకేం తెలుసు, రోజూ బేరమాడే దుకాణం వైపు చూపించా.