నాన్నను ఎందులో ఎక్కించాలి: నేను కట్టిన విమానంలోనా, అద్దె సెస్నాలోనా?

కిట్ కొని నేను ఇంట్లో కట్టుకున్న చిన్న విమానం పేరు ఆర్‌వీ-7ఏ. దాని కుడి రెక్కలో సగం రివెట్లు (రేకులను కలిపే మేకులు) నాన్న సాయంతో పడ్డవే. అమ్మానాన్నలు టెక్సాస్ వచ్చిన రెండు వేసవులూ మెకిన్నీలో మా గరాజ్‌లో ఇదే పని. నేను బయట నుంచి రివెట్ గన్ కొడుతుంటే, ఆయన లోపలి వైపు బకింగ్ బార్ ఆనించి పట్టుకునేవారు. అరచేతిలో ఇమిడే ఉక్కు ముక్క అది. కాస్త పక్కకు ఒరిగినా రివెట్ వంకర పోతుంది. "తీసెయ్‌రా, మళ్లీ కొడదాం" అనేవారు. నాగార్జునసాగర్ కుడి కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి, వంకర పనిని వదలరు. ఆయన్ను ఆ విమానంలోనే తిప్పాలని నాకెంత ఉండేదో వేరే చెప్పాలా.

విమానం పూర్తయ్యేసరికి ఆయనకు 76 వచ్చాయి. మోకాళ్లు రెండూ అరిగాయి, షుగర్ ఉంది. పోయినేడు వచ్చినప్పుడు మా ముందు రెండు దారులున్నాయి: ఒకటి నా కిట్ విమానం, రెండోది ఫ్లయింగ్ క్లబ్బులో అద్దెకిచ్చే సెస్నా 172. ఇక్కడ విమానం కట్టుకునే మనవాళ్లకు ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది కాబట్టి మేం ఎలా తేల్చుకున్నామో రాస్తున్నాను.

ముందు ఎక్కడం, దిగడం. నన్నడిగితే సగం జవాబు ఇక్కడే ఉంది.

ఆర్‌వీ-7ఏకి రెక్క కింద ఉంటుంది. వెనక వైపు మెట్టు మీద కాలు పెట్టి, ఫ్లాప్ (రెక్క వెనక అంచున కదిలే భాగం) తొక్కకుండా రెక్క మీదికి ఎక్కాలి. కాక్‌పిట్ అంచు దాటి సీటు మీద నిలబడాలి. ముందున్న రోల్ బార్ (విమానం తిరగబడితే తలలను కాపాడే కమ్మీ) పట్టుకుని, కాళ్లు మీటర్ల ప్యానెల్ కిందికి జార్చుతూ కూర్చోవాలి. విమానం పెట్టుకునే షెడ్డు, అదే హ్యాంగర్‌లో, ఇంజిన్ ఆపి, ఒకరోజు పొద్దున్న ప్రయత్నించాం. నేనొక పక్క, మా ఆవిడ ఒక పక్క పట్టుకుంటే నాన్న ఎక్కేశారు. మొహం వెలిగిపోయింది. తర్వాత "ఇప్పుడు మీ అంతట మీరు దిగండి నాన్నా" అని ఫోన్‌లో టైం పెట్టాను. మోకాళ్లు ముడుచుకున్న చోటు నుంచి ఒళ్లు పైకి లేపడానికి చేతుల్లో బలం చాలలేదు. రెండుసార్లు లేచి కూలబడ్డారు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. కాక్‌పిట్‌లో పొగ వస్తే ఎవరికీ నాలుగు నిమిషాలుండవు. పైగా ఎత్తుపల్లాల నేలలో దిగాల్సి వస్తే ముందు చక్రం ముడుచుకుపోయి ఈ విమానం తలకిందులయ్యే ప్రమాదం ఉంది. కానొపీ, అంటే తల మీది గాజు కప్పు, నేలకు ఆనితే పాతికేళ్ల కుర్రాడికే బయటపడటం కష్టం.

సెస్నా 172కి రెక్క నెత్తి మీద ఉంటుంది, తలుపు కారు తలుపులా పక్కకు తెరుచుకుంటుంది. చిన్న స్టూల్ వేశాం. ముందు సీటు మీద పక్కకు కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకున్నారు. దిగడానికి నిమిషం కూడా పట్టలేదు. చూసుకోవాల్సినవి రెండు. రెక్క అంచు నుదుటికి తగులుతుంది, అందుకే తల మీద చెయ్యి అడ్డం పెట్టి నడిపించాలి. సీటు పట్టాల మీద జరుగుతుంది, లాక్ పడిందో లేదో కుదిపి చూడాలి. టేకాఫ్‌లో సీటు వెనక్కి జారితే కూర్చున్నవాళ్లు కంట్రోల్ పట్టుకుని లాగేస్తారు.

ఇక అసలు రిస్కు. అమెరికా నియమాల ప్రకారం హోమ్‌బిల్ట్, అంటే సొంతంగా కట్టుకున్న విమానం, ఎక్స్‌పరిమెంటల్ (ప్రయోగాత్మక) కోవలోకి వస్తుంది. మొదటి టెస్ట్ గంటల్లో, ఇంజిన్ ప్రొపెల్లర్ జోడీని బట్టి మామూలుగా 25 లేదా 40 గంటల దాకా, ప్రయాణికులను ఎక్కించకూడదు. ఆ తర్వాత కూడా ఇది ప్రామాణిక విమానాల భద్రతా నిబంధనలకు లోబడి కట్టింది కాదని ఎక్కేవాళ్లకు చెప్పి తీరాలి. ఆ మాట రాసిన పలక కాక్‌పిట్‌లోనే ఉంటుంది. రవాణా ప్రమాదాలపై దర్యాప్తు చేసే అమెరికా సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లో చేసిన అధ్యయనం ప్రకారం, చిన్న విమానాల్లో హోమ్‌బిల్ట్‌లు దాదాపు 10 శాతమైతే, 2011లో ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో వాటి వాటా 21 శాతం. ఇంజిన్ పవర్ పోవడం, విమానం అదుపు తప్పడం ముఖ్య కారణాలు. నా విమానం రెండు వందల గంటలు దాటింది, దాని మీద నాకు నమ్మకం ఉంది. అయినా ఈ అంకె నాన్నకు చెప్పాలి.

ఆ పలకను తెలుగులో చదివి వినిపించాను. "నువ్వు కట్టావు కదరా, ఇంకేం భయం" అన్నారు. దాన్ని ఒప్పుకోవడం అనుకుంటే మనదే తప్పు. కొడుకు కట్టిన విమానం ఎక్కనని ఏ తండ్రి అంటాడు? అందుకే మర్నాడు నేను లేనప్పుడు ఆయన్ను అడిగి చూడమని అమ్మకు చెప్పాను. అమ్మతో ఆయన అన్నది వేరే: "ఎగరడానికి భయం లేదు. దిగలేక అందరి ముందూ ఇబ్బంది పడతానేమోనని." ఈ మాట నాతో ఎప్పటికీ అనేవారు కాదు.

సీట్ల సంగతి మొదట నాకు తట్టనే లేదు. ఆర్‌వీలో రెండే సీట్లు. పైన నాన్నకు ఏదైనా అయితే చూసుకోవడానికి విమానం నడుపుతున్న నేను ఒక్కణ్నే. సెస్నాలో నాలుగున్నాయి. వెనక అమ్మ, మా ఆవిడ కూర్చున్నారు. ఆవిడ చేతిలో మంచినీళ్లు, గ్లూకోజ్ బిస్కెట్లు, వాంతి సంచి. అమ్మ చీరతో రెక్క ఎక్కే పనీ తప్పింది.

ఎండ విషయంలో కూడా సెస్నాదే పైచేయి. గాజు కానొపీ కింద టెక్సాస్ వేసవి అంటే ఒళ్లు ఉడికిపోతుంది. పొద్దున్న ఏడింటికల్లా బయల్దేరితే గాలి నిలకడగా ఉంటుంది, కుదుపులు తక్కువ.

మరి ఆర్‌వీ గొప్పదనం? వేగం, చేతికి చెప్పినట్టు వినే తీరు, తల చుట్టూ ఆకాశం. కానీ సీటు రెక్క మీదే ఉంటుంది కాబట్టి కింద సూటిగా ఉన్నది చూడాలంటే విమానాన్ని వంచాలి. వంచితే పెద్దవాళ్లకు తల తిరుగుతుంది. నాన్న చూడాలనుకున్నదేమో కింద ఉన్నది. టెక్సోమా సరస్సు దాకా 3,000 అడుగుల్లో వెళ్లాం. రెడ్ రివర్ మీద అమెరికా ఆర్మీ ఇంజినీర్లు కట్టి 1944లో పూర్తిచేసిన డెనిసన్ డ్యామ్ కనిపించగానే హెడ్‌సెట్‌లో ఆయన గొంతు మారిపోయింది. "ఇది మట్టికట్టేరా! స్పిల్‌వేకి గేట్లేవి?" స్పిల్‌వే అంటే మిగులు నీరు పొర్లిపోయే దారి, దానికి గేట్లు లేవు. నీళ్లు 640 అడుగుల మట్టం దాటితే వాటంతటవే పొర్లిపోతాయి. ఇప్పటికి 1957, 1990, 2007, 2015ల్లో పొర్లాయి. సాగర్‌కు 26 గేట్లు. ఆ గేట్లు ఎత్తిన రాత్రుల గురించి తిరుగు ప్రయాణమంతా చెబుతూనే ఉన్నారు. రెక్క అడ్డు లేకుండా కిటికీలోంచి కిందికి చూస్తూ చెప్పారు. ఆర్‌వీలో ఇది కుదిరేది కాదు.

అలాగని అందరికీ సెస్నాయే మేలనను. మా మావయ్యకు 68, ఇప్పటికీ పొలం గట్ల మీద నడిచే మనిషి. హ్యాంగర్ పరీక్షలో ఇరవై సెకన్లలో దిగేశారు. ఆయన్ను ఆర్‌వీలోనే తిప్పాను, ఎంతో సంతోషించారు. అంటే పుట్టిన సంవత్సరం చూడక్కర్లేదు, దిగడానికి పట్టే టైం చూడాలి. హోమ్‌బిల్టే కావాలి, అమ్మానాన్నలు సులువుగా ఎక్కాలి అనుకుంటే, జెనిత్ సీహెచ్ 750 లాంటి పైరెక్క కిట్లు ఉన్నాయి. పెద్ద తలుపులు, నేల మీద నుంచే ఎక్కొచ్చు. తేలిక విమానం కాబట్టి గాలి ఉన్న రోజు కుదుపు ఎక్కువ.

ఏది ఎంచుకున్నా కొన్ని జాగ్రత్తలు ఒకటే. జలుబుంటే ఆ రోజు వద్దు, దిగేటప్పుడు చెవులు భరించలేరు. కిందికి నిమిషానికి 500 అడుగులకు మించి దిగొద్దు. రెటీనా ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ పెట్టి ఉంటే, డాక్టర్ సరేననే దాకా విమానం ఎక్కించకూడదు. బాత్రూం ఉండదు, కాబట్టి షుగర్ ఉన్నవాళ్లతో ఎక్కువ సేపు తిరగొద్దు. విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలు చదవండి, ప్రైవేటు విమానంలో జరిగే ప్రమాదాలకు చాలా పాలసీలు వర్తించవు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్యానెల్ మీద ఉండాలి. ప్రొపెల్లర్ పూర్తిగా ఆగాకే ఎవరైనా దిగాలి.

సెస్నా దిగిన వెంటనే నాన్న ఇంటికి పోదామనలేదు. హ్యాంగర్‌కు నడిచి వెళ్లి, ఆర్‌వీ కుడి రెక్క మీద రివెట్ల వరుస పొడవునా వేలు పోనిచ్చారు. వచ్చే సంక్రాంతి తర్వాత గుంటూరులో మోకాలి ఆపరేషన్. అది కుదుటపడి ఇక్కడికి వచ్చాక మళ్లీ టైం పెట్టి చూస్తాం. ఎవరూ పట్టుకోకుండా నిమిషంలో దిగితే ఆర్‌వీ, లేదంటే మళ్లీ సెస్నాయే. ఈ షరతు ఆయన పెట్టిందే.