మిర్చి బాండ్లు, అద్దె నోడ్లు: నాలుగు సీజన్లు వాడాక

"ఎవరిదీ కాని పుస్తకం అన్నావు కదరా, మరి నెలనెలా డాలర్లలో అద్దె ఎవరికి కడుతున్నాం?"

మొదటి బిల్లు చూసి మా కోల్డ్ స్టోరేజీ బాబాయ్ అడిగిన ప్రశ్న ఇది. వరసకి బాబాయే, డబ్బు దగ్గర మాత్రం కస్టమరు. ఆ రోజు ఏదో చెప్పి తప్పించుకున్నాను. బ్లాక్‌చెయిన్ నోడ్లని అద్దెకిచ్చే సర్వీసుల మీద నాలుగు మిర్చి సీజన్లు బండి నడిపాక ఇప్పుడు చెప్పగలను: బ్లాక్‌చెయిన్ అనే ఆ ఉమ్మడి లెక్కల పుస్తకం ఎవరిదీ కాదు, కానీ దాన్ని ఇరవై నాలుగు గంటలూ చదివి మనకి చెప్పేవాడికి కూలి ఇవ్వాలి. ఆ కూలి గిట్టుబాటేనా అన్నదే ఈ సమీక్ష. నా మార్కులు అయిదుకి మూడున్నర.

ముందు మా పని చెప్పాలి. గుంటూరు బ్రాడీపేటలో మేం ఇద్దరం డెవలపర్లం. రైతో వ్యాపారో మిర్చి టిక్కీలు (బస్తాలు) తెచ్చి కోల్డ్‌లో పెడితే స్టోరేజీ వాళ్లు బాండు రాసిస్తారు. ఎన్ని టిక్కీలు, ఏ రకం, ఏ ఛాంబర్ అన్నీ అందులో ఉంటాయి. ధర వచ్చేదాకా సరుకు లోపలే ఉంటుంది, ఈలోగా ఆ బాండు మీద బ్యాంకులో అప్పు తెచ్చుకుంటారు. బ్యాంకు వాళ్ల భయమల్లా ఒక్కటే: అదే సరుకు మీద ఇంకో బాండు ఇంకెక్కడైనా తిరుగుతోందా? అందుకని ప్రతి బాండుకీ ఒక హ్యాష్ (బాండు వివరాల వేలిముద్ర లాంటి కోడు) తీసి పాలిగాన్ అనే బ్లాక్‌చెయిన్ మీద రాస్తున్నాం. సరుకు కొంత విడిపిస్తే ఒక ఎంట్రీ, మొత్తం విడిపిస్తే ఇంకో ఎంట్రీ. కాయిన్లు అమ్మడం, కొనడం లాంటి వ్యాపారం ఇందులో ఏమీ లేదు. రైతు పేరు కూడా చెయిన్ మీదకి పోదు, 32 బైట్ల హ్యాష్ మాత్రమే పోతుంది.

ఇలా రాయాలన్నా, రాసింది చదవాలన్నా ఒక నోడు కావాలి. చెయిన్ మొత్తాన్ని తన డిస్క్‌లో పెట్టుకుని, కొత్త బ్లాకు (లావాదేవీల కట్ట) వచ్చినప్పుడల్లా సరిచూసుకునే కంప్యూటరే నోడు. జేసన్ ఆర్‌పీసీ అనే పద్ధతిలో దాన్ని ప్రశ్నలు అడుగుతాం: ఈ లావాదేవీ ఎక్కిందా, ఈ కాంట్రాక్ట్‌లో (చెయిన్ మీద మేం పెట్టిన ప్రోగ్రాంలో) ఇప్పుడేముంది, అని. ఆ నోడ్లు వాళ్లే నడిపి మనకి ఒక యూఆర్ఎల్, ఒక కీ ఇచ్చే వ్యాపారమే ఈ సర్వీసులు. ఇన్ఫ్యూరా 2016 నుంచే ఉంది, తర్వాత ఆల్కెమీ, క్విక్‌నోడ్ లాంటివి చాలా వచ్చాయి. మేం వాడిన వాటి పేర్లు మాత్రం రాయను. నాకు తగిలిన దెబ్బల్లో చాలావరకు కంపెనీని బట్టి వచ్చినవి కావు, ఈ పద్ధతిలోనే ఉన్నవి.

మొదట అద్దె ఎందుకు, సొంతంగానే నడుపుదాం అనుకున్నాం. పౌరుషం ఎక్కువ, అనుభవం తక్కువ. పాలిగాన్ నోడంటే ఒక ప్రోగ్రాం కాదు, బోర్, హైమ్‌డాల్ అని రెండు జోడుగా నడవాలి. మొదటి నుంచి సింక్ చేస్తే ఎప్పటికి తెమిలేనో అని స్నాప్‌షాట్ (అప్పటిదాకా ఉన్న చెయిన్ నకలు) దించడం మొదలుపెట్టాం. టెరాబైటు పైమాటే. అది మధ్యలో తెగి మళ్లీ మొదలయ్యేసరికి మా ఫైబర్ కనెక్షన్‌కి నెలకున్న 3.3 టెరాబైట్ల హద్దు దగ్గరపడింది. ఎలాగో సింక్ అయింది. అప్పటికి మే నెల వచ్చింది. గుంటూరు మే గురించి ఈ ఊరివాళ్లకి కొత్తగా చెప్పేదేముంది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, కాసేపటికి ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. మళ్లీ ఆన్ చేస్తే డేటాబేస్ పాడైందని చెప్పి నోడు లేవనంది. ఆ 2 టీబీ డిస్క్ ఇప్పుడు మా పార్ట్‌నర్ ఇంట్లో పెళ్లి వీడియోలు దాచుకోవడానికి పనికొస్తోంది.

అద్దె సర్వీసులో మొదటి పది నిమిషాలూ ఎంత హాయిగా ఉంటాయంటే, ఆ నెలరోజులూ ఎందుకు తంటాలు పడ్డామా అనిపించింది. ఖాతా తెరిచి, నెట్‌వర్క్ ఎంచుకుని, కీ తీసుకుంటే పని మొదలు. అప్పట్లో పాలిగాన్ టెస్ట్‌నెట్ (ప్రయోగాలకి వాడే చెయిన్) పేరు ముంబై. స్క్రీన్ మీద ఆ పేరు చూసిన బాబాయ్ మన బాండ్లన్నీ ముంబై సేట్ల చేతికి పోతున్నాయని రెండు రోజులు నిద్రపోలేదు. ఆ పేరు 2024 ఏప్రిల్‌తో పోయింది, దాని స్థానంలో అమోయ్ వచ్చింది. మేం టెస్ట్ కాంట్రాక్టులన్నీ మళ్లీ ఎక్కించుకోవాల్సి వచ్చింది. ఎథీరియం అనే ఇంకో చెయిన్‌లోనూ రాప్‌స్టెన్, రింకెబీ, గోర్లీ అనే టెస్ట్‌నెట్‌లు ఇలాగే వరసగా మూతపడ్డాయి. టెస్ట్‌నెట్ అడ్రసుని కోడ్‌లో నేరుగా రాసుకున్నవాళ్లకి అప్పుడు తెలుస్తుంది నొప్పి.

ఇక డబ్బు లెక్క. చాలా సర్వీసులు కాల్స్‌ని ఊరికే లెక్కపెట్టవు, ప్రతి ప్రశ్నకీ ఒక బరువు కడతాయి. తాజా బ్లాకు నంబరు అడిగితే తేలిక. ఫలానా బ్లాకు నుంచి ఫలానా బ్లాకు దాకా మా కాంట్రాక్ట్ ఈవెంట్లన్నీ (అది చెయిన్ మీద నమోదు చేసినవన్నీ) ఇవ్వమని గెట్‌లాగ్స్ అడిగితే బరువు. ప్లాన్ పేజీ మీద కోట్లలో కనిపించే యూనిట్లు చూసి మేం పొంగిపోయాం. కౌంటర్లు ఆరు. ప్రతి స్క్రీనూ రెండు సెకన్లకోసారి "ఎక్కిందా, ఎక్కిందా" అని అడిగేలా రాశాం. స్క్రీనుకి రోజుకి 43,200 ప్రశ్నలు, ఆరింటికి 2,59,200, నెలకి 77 లక్షల పైచిలుకు. రాత్రిపూట గోడౌన్‌కి తాళం వేసి ఉన్నా స్క్రీన్లు అడుగుతూనే ఉన్నాయి. పదకొండో రోజుకి 429 ఎర్రర్ మొదలైంది, అంటే ఇక చాలించమని. ఇప్పుడు వెనకాల ఒక్క ప్రోగ్రామే చెయిన్‌ని చూసి వచ్చింది వచ్చినట్టు మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రాస్తుంది. స్క్రీన్లన్నీ దాన్నే అడుగుతాయి. బిల్లు ఉచిత ప్లాన్‌కి అటూ ఇటూగా దిగింది. ఈ ఒక్క మార్పు ముందే చేసుంటే మొదటి సీజన్లో పెద్ద ప్లానే అక్కర్లేదు.

కీ విషయం కూడా చెప్పేస్తాను, సిగ్గుపడుతూనే. మా కీ వెబ్ పేజీ జావాస్క్రిప్ట్‌లోనే ఉండిపోయింది. ఎవరో దాన్ని తీసి వాడేసుకున్నారు. డాష్‌బోర్డ్‌లో మేం ఎన్నడూ అడగని ప్రశ్నలు వేలకొద్దీ. అదే రోజు కీ మార్చి, సర్వర్ వెనక పెట్టి, మా డొమైన్ నుంచి తప్ప పనిచేయకుండా కట్టేశాం.

అసలు దెబ్బ 2023 మార్చిలో తగిలింది. సీజన్ మంచి ఊపు మీద ఉంది, స్టోరేజీ బయట లారీలు వరసలో ఉన్నాయి. 212 టిక్కీల తేజ రకం బాండు ఒకటి పంపితే, ఎక్కినట్టు రసీదు అడిగిన ప్రతిసారీ ఖాళీ జవాబే వచ్చింది. ముప్పై సెకన్లు చూసి మా ప్రోగ్రాం "విఫలమైంది" అని ఎర్ర అక్షరాలు వేసింది. గుమాస్తా గారు మళ్లీ నొక్కారు. మళ్లీ ఎర్ర అక్షరాలు, మళ్లీ నొక్కారు. రాత్రికి చూస్తే చెయిన్ మీద అదే బాండు మూడుసార్లు ఉంది. ఏ రోగానికి మందు అని చెప్పి అమ్మామో, ఆ రోగం మేమే అంటించాం.

జరిగింది ఇదీ. మనకి యూఆర్ఎల్ ఒక్కటే కనిపిస్తుంది గానీ దాని వెనక చాలా నోడ్లు ఉంటాయి, లోడ్ బ్యాలన్సర్ ఏ ప్రశ్నని ఏ నోడుకి పంపుతుందో మనకి తెలియదు. వాటిలో కొన్ని నాలుగైదు బ్లాకులు వెనకబడి ఉంటాయి. తర్వాత లాగులు తీసి చూస్తే, వరసగా అడిగిన రెండు ప్రశ్నల్లో బ్లాకు నంబరు ముందుకి పోవాల్సింది వెనక్కి పోయింది. ఆ రోజు మాత్రం కొన్ని నోడ్లు నిమిషాల తరబడి వెనకపడ్డాయి. సర్వీసు వాళ్ల స్టేటస్ పేజీలో అంతా పచ్చగానే ఉంది. సపోర్టుకి రాస్తే మర్నాడు రాత్రి మర్యాదగా ఒక జవాబొచ్చింది, అందులో విషయం లేదు.

కానీ వాళ్ల తప్పు పావు అయితే మాది ముప్పావు. ఖాళీ రసీదుకి "ఎక్కలేదు" అని అర్థం కాదు, "నాకింకా తెలియదు" అని అర్థం. మేం దాన్ని విఫలం అని చదివాం. నొక్కిన ప్రతిసారీ కొత్త నాన్స్‌తో (లావాదేవీ వరస నంబరుతో) కొత్త లావాదేవీ పంపాం. అన్నిటికన్నా ఘోరం, ఒకే బాండు నంబరు రెండోసారి వస్తే తిప్పికొట్టే నిబంధన మా కాంట్రాక్ట్‌లోనే లేదు.

మర్నాడు మొహం వేలాడేసుకుని వెళ్తే, ముప్పై ఏళ్లుగా తూకాలు చూస్తున్న ఆ గుమాస్తా గారు నింపాదిగా అన్నారు: "కాటా మీద అనుమానమొస్తే బస్తాని ఇంకో కాటా మీద వేస్తాం బాబూ. బస్తాని రెండోసారి కొనం కదా."

మా కొత్త డిజైన్ అంతా ఆ మాటే. ఇప్పుడు ఒకసారి సంతకం చేసిన లావాదేవీని దాచుకుంటాం. అనుమానమొస్తే దాన్నే మళ్లీ పంపుతాం, ఎన్నిసార్లు పంపినా ఒక్కసారే ఎక్కుతుంది. రసీదు కోసం వేరే కంపెనీ నోడుని కూడా అడుగుతాం. ఇద్దరూ ఒకే బ్లాకు హ్యాష్ చెబితేనే స్క్రీన్ మీద పచ్చ రంగు. రెండో కంపెనీలో ఉచిత ప్లానే, సరిచూసుకోవడానికి అది చాలు. బాండు నంబరు రెండోసారి వస్తే కాంట్రాక్టే ఒప్పుకోదు.

ఒక్క కాటానే నమ్ముకుంటే పెద్దవాళ్లకీ ఇబ్బందే అని తర్వాత చదివాను. 2020 నవంబర్ 11న ఎథీరియంలో గెత్ అనే నోడు ప్రోగ్రాం పాత వెర్షన్ నడుపుతున్న నోడ్లు ఒక దారి, కొత్త వెర్షన్ నోడ్లు ఇంకో దారి పట్టాయి. ఇన్ఫ్యూరా పాత వెర్షన్ మీద ఉండటంతో మెటామాస్క్ అనే వాలెట్ సహా దాని మీద ఆధారపడ్డవన్నీ కొన్ని గంటలు తడబడ్డాయి. అసలు చెయిన్ మాత్రం ఆగలేదు. పాలిగాన్‌లో 2023 ఫిబ్రవరిలో 157 బ్లాకుల మేర చరిత్ర తిరగరాసుకుంది, అంటే ఎక్కిందనుకున్నది కూడా కాసేపటికి వెనక్కి పోవచ్చు. అందుకే సరుకు మొత్తం విడిపించే ఎంట్రీకి మేం 256 బ్లాకులు ఆగి గేటు పాసు ఇస్తాం. రెండు సెకన్లకో బ్లాకు లెక్కన ఎనిమిదిన్నర నిమిషాలు. హమాలీలు లారీ నింపడానికి అంతకన్నా ఎక్కువసేపే పడుతుంది, కాబట్టి ఎవరూ గొణగరు.

ఆర్కైవ్ నోడు అనే మాట చూసి భయపడేవాళ్లకి ఒక మాట. మామూలు ఫుల్ నోడు కాంట్రాక్ట్ పాత స్థితిని చివరి 128 బ్లాకుల మేరకే ఉంచుకుంటుంది. మా చెయిన్‌లో అది నాలుగు నిమిషాల పైమాట. "ఎనిమిది నెలల కిందట ఈ బాండులో ఎన్ని టిక్కీలు మిగిలున్నాయి?" అని బ్యాంకు వాళ్లు అడిగితే, ఆ రోజు స్థితిని తిరగదోడటానికి ఆర్కైవ్ కావాలి, దాని ధర వేరు. మేం ఒక నెల కట్టాం కూడా. తర్వాత బుద్ధొచ్చింది. విడిపించిన ప్రతిసారీ మిగులు ఎంతో ఈవెంట్‌లోనే రాస్తే, లాగ్స్ మామూలు నోడులో దొరుకుతాయి, మన పోస్ట్‌గ్రెస్‌లోనూ ఉంటాయి. ఆర్కైవ్ ఖర్చు చాలాసార్లు కాంట్రాక్ట్ సరిగ్గా రాయనందుకు కట్టే జరిమానా.

ఒకసారి మాత్రం సర్వీసు వాళ్ల మీద నిజంగా కోపమొచ్చింది. గెట్‌లాగ్స్‌లో ఒక్కసారికి ఎన్ని బ్లాకులు అడగొచ్చన్న హద్దుని మా ప్లాన్‌కి తగ్గించి, ఆ సంగతి ఎక్కడో డాక్యుమెంట్ల మూలన రాశారు. మా ప్రోగ్రాం తెల్లారేదాకా ఎర్రర్లు మింగుతూ కూర్చుంది. అప్పటి నుంచి ఆ హద్దుని మేం కోడ్‌లో స్థిరంగా పెట్టుకోవడం లేదు, ఎర్రర్ వస్తే సగానికి తగ్గించి మళ్లీ అడుగుతుంది.

డబ్బు కట్టడం ఇంకో తద్దినం. 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల వల్ల కార్డుల మీద ఆటో డెబిట్‌కి ముందే మాండేట్ ఉండాలి. బయటి దేశపు కంపెనీల దగ్గర అది చాలాసార్లు కుదరదు. నెల తిరగ్గానే కార్డు తిరస్కరించడం, వాళ్లు హెచ్చరిక మెయిల్ పంపడం, మనం చేత్తో కట్టడం. డాలరు మార్పిడి మీద బ్యాంకు వేసుకునేది వేరే. గ్యాస్ (చెయిన్ మీద రాయడానికి కట్టే రుసుము) కోసం టోకెన్లు కొంటే, 2022 జూలై నుంచి అమ్మేవాళ్లకిచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ కోత. గ్యాస్ ఖర్చు పైసల్లోనే అయినా, దాన్ని ఏ పద్దు కింద రాయాలో మా ఆడిటర్ గారికి ఏటా కొత్తగా వివరించాలి. మొదటి ఏడాది ఆయన ఇది వంట గ్యాసా అని అడిగారు.

ఇంత చెప్పాక అసలు చెయిన్ అవసరమా అని అడుగుతారు. ఒక్క స్టోరేజీ లోపలి లెక్కలకే అయితే అక్కర్లేదు, పోస్ట్‌గ్రెస్ చాలు, నేనే వద్దంటాను. మాకు పనికొచ్చింది ఎందుకంటే బ్యాంకు వాళ్లు మా సర్వర్‌ని నమ్మక్కర్లేకుండా, వాళ్ల చేతిలో ఉన్న బాండుని వాళ్లంతట వాళ్లే సరిచూసుకోగలుగుతున్నారు. అది కూడా మేం ఎంచుకున్న నోడులో కాదు, వాళ్లకి నచ్చిన నోడులో.

సొంత నోడు మళ్లీ పెట్టే ఉద్దేశం లేదు. పదిమంది ఇంజనీర్లు, డేటా సెంటర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామని మా సర్వీసు వాళ్లు నాలుగో మెయిల్ పంపారు. నెలనెలా కట్టడమే మాకు నయం, ఎందుకంటే సరుకు దించుకోవడం అయిపోయాక డబ్బు కట్టే ప్లాన్ దండగ. ఈ నెలాఖరుకి కిందికి దించాలి. ఓటీపీ మాత్రం బాబాయ్ ఫోన్‌కే వెళ్తుంది, అందుకని ఆయన మధ్యాహ్నం కునుకు తీసి లేచాకే ఆ పని.