తాండూరు కట్టె గానుగ కుసుమ నూనె: మూడేళ్ళుగా కొంటున్నా, 5కి 4 స్టార్లు

తాండూరు పోయినోళ్ళంతా కందిపప్పు తెచ్చుకుంటారు, 2022లో జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి పంట అనే గుర్తింపు) కూడా వచ్చింది కదా, మంచిదే, నేనూ తెచ్చుకుంటా. కానీ నేను మూడేళ్ళ నుంచి అక్కడికి పోయేది ఈ గానుగలో కుసుమ నూనె కోసం. ఇంత లేటుగా రివ్యూ రాస్తున్నానంటే కారణం ఉంది, మొన్న పోయినప్పుడు ఒకటి చూశా, అది చెప్పకుండా ఉండలేను, కొంచెం పెద్దగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు షాపు సంగతి. చిన్న రేకుల షెడ్డు, లోపల రెండు కట్టె గానుగలు మోటారు మీద తిరుగుతాయి, పక్కన గింజల రూము. నడిపే పెద్దాయన్ని అందరూ కాకా అంటారు. మనం అడగకముందే మూట విప్పి "చూస్కో బిడ్డా, ఇవే నీ నూనె" అని గింజలు చేతిలో పోస్తాడు. కుసుమ గింజ తెల్లగా నున్నగా చిన్న పంటి లాగా ఉంటది, పైపొట్టు గట్టిది, మధ్యలో నల్లవి గానీ తాలువి గానీ ఉంటే ఇట్టే కనపడతయ్. ఈ చుట్టుపక్కల నల్లరేగడిలో పండినవే కొంటాడట, ఏ మూట ఏ ఊరిదో సంచి మీద సుద్దముక్కతో రాసి పెట్టుకుంటాడు. నాకు అదే నచ్చింది.

కుసుమ అంటే చాలామందికి సూపర్‌మార్కెట్ సీసా మీద బొమ్మగానే తెలుసు, చేనులో చూసినోళ్ళకి తెలుస్తది అది ఎంత ముళ్ళ మొక్కనో. మా అవ్వ వాళ్ళకి కుసుమ చేను ఉండేది. వానలు తగ్గినాక అక్టోబర్‌లో విత్తేవాళ్ళు, తర్వాత నీళ్ళు పెట్టేది లేదు, నేల లోపల ఉన్న తేమే దానికి చాలు, వేరు అంత లోతుకి పోతది. మొదటి నెల ఆకులు నేలకి పరుచుకుని లేతగా ఉంటయ్, ఆ లేతాకు పప్పులో వేసి వండేది అవ్వ, కొంచెం వగరుగా భలే ఉండేది. ఆ తర్వాత కొమ్మలేసి మొగ్గ తొడిగే టైముకి ప్రతి ఆకు అంచుకీ సూది మొలుస్తది, ఇంక మనిషి గానీ పశువు గానీ లోపలికి దూరలేరు. అందుకే శనగ చేను చుట్టూ నాలుగు వరసలు కుసుమ వేస్తారు, ఫెన్సింగ్ ఖర్చు లేకుండా పశువులు ఆగుతయ్, పైగా నూనె గింజలు వస్తయ్. కోతలు మాత్రం తెల్లారకముందే, మంచుకి ముళ్ళు మెత్తబడి ఉంటయ్ కాబట్టి. ఎండెక్కితే ముట్టలేం. కాళ్ళకీ చేతులకీ గోనె పట్టాలు చుట్టుకుని కోసేవాళ్ళు, అయినా సాయంత్రానికి అవ్వ అరచేతులు చూస్తే ఏడుపొచ్చేది నాకు. ముళ్ళు లేని రకాలు కూడా వచ్చినయ్, మహారాష్ట్రలో ఫల్టణ్‌ నుంచి వచ్చిన నారి-6 అట్లాంటిదే, పువ్వు రెక్కలు కోసుకోవడానికి అది సుఖం, కానీ కంచె పని మాత్రం ముళ్ళదే చేయాలి. అవ్వ పడ్డ కష్టం చూశా కాబట్టే ఈ నూనె లీటరుకి ఎంతైనా బేరమాడ బుద్ధి కాదు నాకు.

ఇప్పుడు మొన్నటి విషయం. మా ఫ్రెండ్‌కి ఎవరో బ్రహ్మదండి పొడి వాడమని చెప్పారు, సిటీలో ఒక మూలికల షాపులో ఎండు మొక్కే కొని తెచ్చింది, నాకు చూపించింది. నాకు డౌటొచ్చింది. అది బ్రహ్మదండి అని మా వైపు పిలిచే మొక్క కాదు. మా వైపు బ్రహ్మదండి అంటే బీడు భూముల్లో, గట్ల మీద, ఎర్ర మొరం రోడ్డు పక్కన చలికాలంలో కనిపించేది, కాండం మీద తెల్లటి నూగు, కొసన గుండ్రంగా బంతి లాంటి పువ్వు, లేత నీలం కలిసిన తెలుపు, చుట్టూ ముళ్ళు. ఇది కుసుమకి నిజంగా చుట్టమే, రెండూ ఒకే కుటుంబం. రాజస్థాన్‌లో దీన్నే ఉంట్‌కటారా అంటారు, ఒంటెలు ఇష్టంగా తింటాయని ఆ పేరు. ఆమె తెచ్చిన దాంట్లో మాత్రం ముళ్ళ కాయలున్నయ్, విప్పితే ఆవాల్లాంటి నల్లటి గింజలు. అది బలురక్కసి! దాన్నే పిచ్చి కుసుమ అని కూడా అంటారు, కొన్ని చోట్ల దానికీ బ్రహ్మదండి అనే పేరుంది, అక్కడే వచ్చింది తంటా.

పిచ్చి కుసుమ మీరందరూ చూసే ఉంటారు. ఎండిన చెరువు శిఖంలో, రైలు పట్టాల పక్కన, ఖాళీ ప్లాట్లలో, మంచి పసుపు పువ్వు, ఆకు మీద తెల్లటి చారలు, ఆకు తుంచితే పసుపు పాలు కారతయ్. చూడటానికి కుసుమకి అక్క లాగానే ఉంటది, కానీ కుసుమ జాతి కాదు, గసగసాల కుటుంబం, మెక్సికో నుంచి వచ్చి మన దేశమంతా పాకిపోయింది. దాని గింజల నూనె విషం. 1998లో ఢిల్లీలో ఆవ నూనెలో ఇది కలిసి కాళ్ళు వాచి 60 మందికి పైగా చనిపోయారు. ఒకే పేరుతో రెండు మొక్కలుంటే ఇంత ప్రమాదం, అందుకే ఎవరన్నా బ్రహ్మదండి అంటే ముందు పువ్వు ఏ రంగు అని అడగండి, పసుపు అంటే వద్దే వద్దు. మా ఫ్రెండ్ ఆ పొడి వాడలేదు, పారేసింది.

ఆ ఎండు మొక్కని కవర్‌లో వేసుకుని కాకా దగ్గరికి తీసుకుపోయా. చూడగానే కాయ ఒకటి నలిపి, గింజలు తెల్ల గుడ్డ మీద పోసి, పక్కన ఆవాలు పోసి చూపించాడు. ఆవ గింజ నున్నగా ఉంటది, ఇది గరుగ్గా, వల లాగా గీతలతో ఉంటది, కళ్ళతో చూస్తే తేడా తెలుస్తది గానీ మూటలో కలిస్తే ఎవరికి తెలుస్తది? తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్లలో, సిమెంటు ఫ్యాక్టరీల్లో బీహార్ నుంచి, యూపీ నుంచి వచ్చిన వాళ్ళున్నారు కదా, వాళ్ళ కోసం కాకా ఆవ నూనె కూడా ఆడతాడు. ప్రతి మూటనీ ముందు జల్లెడ పట్టి, చాటలో చెరిగి, చేతి మీద పోసుకుని చూసి అప్పుడే గానుగలో వేస్తాడట. "ఒక్క గింజ కనపడ్డా మూట వాపస్" అన్నాడు. నేను నిలబడ్డ అరగంటలో ఒక మూట నిజంగానే పక్కన పెట్టాడు, మట్టి ఎక్కువుందని. ఆ ఒక్కటి చూసే నా 4 స్టార్లు.

నూనె ఎట్లుంటది అంటే లేత బంగారం రంగు, పచ్చి గింజ వాసన కొంచెం ఉంటది, మొదటిసారి వాడేవాళ్ళకి వింతగా అనిపించొచ్చు. చట్నీ పోపుకి, ఉప్పుడుపిండికి, పప్పు మీద పచ్చిగా వేసుకోడానికి సూపర్. వేపుళ్ళకి, పూరీలకి మాత్రం వాడకండి, రిఫైన్ చేయని కుసుమ నూనె తొందరగా పొగొస్తది, చేదెక్కుతది. నేను ఒకసారి మిరపకాయ బజ్జీలు వేసి పాడు చేసుకున్నా.

ధర లీటరు 380. ఎక్కువ అనుకునేవాళ్ళకి ఒక లెక్క చెప్తా. కుసుమ గింజలో నూనె 30 శాతం అటూ ఇటూనే, కట్టె గానుగలో అంతా రాదు, అంటే లీటరుకి దాదాపు నాలుగు కిలోల గింజలు కావాలి. 2025-26 రబీ మార్కెటింగ్ సీజన్‌కి కేంద్రం పెట్టిన మద్దతు ధరే క్వింటాల్‌కి 5,940, అంటే గింజలకే 240 దాకా అయిపోయింది, ఇంక కరెంటు, కూలి, డబ్బా. నూనె తీసినాక మిగిలే గానుగ చెక్క అమ్ముకుంటే కొంత వస్తది అనుకోండి. ఇంతకుముందు సిటీలో ఒక చోట గానుగ కుసుమ నూనె అని 190కి కొన్నా, రంగూ లేదు వాసనా లేదు, అది ఏం నూనో ఇప్పటికీ నాకు తెలీదు.

ఒక స్టార్ ఎందుకు కట్ చేశానంటే, నూనె పల్చటి ప్లాస్టిక్ బాటిల్‌లో పోసిస్తున్నారు, ఆడిన తేదీ రాయట్లేదు. ఈ నూనెకి వెలుతురు, వేడి పడవు, రెండు నెలలు దాటితే ముక్క వాసన వస్తది, కాబట్టి తేదీ చాలా ముఖ్యం. కాకాకి చెప్పా, "స్టిక్కర్లు వేయిస్తా బిడ్డా" అన్నాడు, పోయినసారి కూడా అదే మాట. ఫోన్‌పే ఉంది, పార్సిల్ లేదు. గురువారం బంద్, కానీ ఎక్కడా బోర్డు లేదు, నేను రెండుసార్లు వాపస్ వచ్చా.

పోయేవాళ్ళు మార్చి తర్వాత పోండి, కొత్త గింజ అప్పుడే వస్తది, మీ స్టీలు డబ్బా మీరే పట్టుకుపోండి, పొద్దున పదిలోపు పోతే మీ ముందే ఆడి పోస్తాడు.