గ్రీన్ షిఫ్టింగ్ అని ఇల్లు మారాం: క్రేట్లు సూపర్, ఏసీ దగ్గర మాత్రం పరువు పోయింది

కూకట్‌పల్లి నుంచి నాగోల్‌కి మారామండి, శ్రావణంలో. ఈసారి మామూలు ప్యాకర్స్ అండ్ మూవర్స్ వద్దని, గ్రీన్ షిఫ్టింగ్ అని చెప్పుకునే ఒక చిన్న కంపెనీకి ఇచ్చాం. పేరు రాయట్లేదు, ఎందుకంటే మెచ్చుకునేవీ ఉన్నాయి, తిట్టుకునేవీ ఉన్నాయి, పైగా ఇలా చెప్పుకునేవాళ్ళు ఇప్పుడు సిటీలో ఒక్కళ్ళు కాదు కాబట్టి మీరు ఎవర్ని పిలిచినా అడగాల్సినవి ఇవే.

వాళ్ళు చెప్పింది మూడు ముక్కలు. అట్టపెట్టెల బదులు ప్లాస్టిక్ క్రేట్లు అద్దెకిస్తాం, బబుల్ ర్యాప్ బదులు దుప్పట్లు చుడతాం, డీజిల్ బండి బదులు ఎలక్ట్రిక్ బండి పంపిస్తాం అని. మామూలు వాళ్ళ కోట్ కంటే రెండు వేల పైచిలుకు ఎక్కువ చెప్పారు, మా ఆయన ఆ రెండు వేలు ఎందుకే అన్నారు, నేను పోయినసారి ఇల్లు మారినప్పుడు మిగిలిన బబుల్ ర్యాప్ గుట్ట గుర్తు చేసేసరికి ఇంకేం మాట్లాడలేదు.

క్రేట్ల గురించి ముందు చెప్తా, అసలు డబ్బులు గిట్టింది వాటికే. కూరగాయల మార్కెట్లో కనపడే చిల్లుల క్రేట్లు కావు, నాలుగు పక్కలా మూసి ఉంటాయి, మూత రెండు రెక్కలుగా వచ్చి మధ్యలో పళ్ళు పళ్ళుగా ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటుంది, టేపు ముక్క కూడా అక్కర్లేదు. ముందు రోజు సాయంత్రమే ఒకదాంట్లో ఒకటి దూర్చి తెచ్చి హాల్లో పెట్టి వెళ్ళిపోయారు. వంటింట్లో స్టీలు సామాను గిన్నెలో గిన్నె పెట్టి మధ్యలో పాత చున్నీలు వేసి సర్దేశా, గాజు గ్లాసులు మా ఆయన సాక్సుల్లో దూర్చా (నవ్వకండి, ఒక్కటి కూడా పగల్లేదు). నా భయమంతా ఆవకాయ జాడీ మీదే. నూనె పైకి తేలి ఉంది, కొంచెం వంగినా చాలు ఇల్లంతా ఘుమఘుమ. మా అత్తయ్య మూతి మీద గుడ్డతో గట్టిగా వాసెన కట్టి, క్రేట్లో నిలబెట్టి, చుట్టూ తువ్వాళ్ళు కుక్కి, పైన సున్నంతో జాడీ బొమ్మ వేశారు, లోడింగ్ కుర్రాడు చూసి "అక్కా ఇది నా ఒళ్ళో పెట్టుకుని తెస్తా" అన్నాడు, నిజంగానే అలాగే తెచ్చాడు. పుస్తకాలు మాత్రం క్రేట్ నిండా వేయకండి, ఇద్దరు ఎత్తలేకపోయారు, మళ్ళీ సగం తీసి బియ్యం సంచుల్లో వేశాం. అన్నట్టు ఆ 26 కిలోల బియ్యం సంచులు దాచుకోండి, 2022 జూలైలో 25 కిలోల వరకు ఉండే ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశాక, అది తప్పించుకోడానికి ఆ సైజు ఊరంతా వచ్చేసింది కదా, ఇల్లు మారేటప్పుడు బట్టలకి వాటిని మించింది లేదు.

ప్లాస్టిక్ క్రేట్ పర్యావరణానికి మంచిదేంటి అని మా చెల్లెలు ఫోన్లో వెటకారం చేసింది. అది వందల ఇళ్ళు తిరుగుతుంది, అదీ తేడా. నిజం చెప్పాలంటే అట్టపెట్టె అంత పాపం చేసిందేం లేదు, పాత సామాన్ల కొట్టు వాడు కిలో లెక్కన కొంటాడు, మళ్ళీ అట్టే అవుతుంది. బబుల్ ర్యాప్, దాని మీద బ్రౌన్ టేపు, థర్మోకోల్ ముక్కలు, ఇవీ ఎవడూ కొననివి. పూచికపుల్ల బరువుండదు, గదంత చోటు పడుతుంది, ఏరుకునే వాళ్ళకి కూడా గిట్టదు, చివరికి డంప్ యార్డుకే. అందుకే పెట్టె మార్చినా మార్చకపోయినా ముందు బబుల్ ర్యాప్ మానితే చాలనిపించింది నాకు.

దుప్పట్ల సంగతి ఫిఫ్టీ ఫిఫ్టీ. బీరువాకి, డైనింగ్ టేబుల్‌కి మందంగా ఉన్న బొంతల్లాంటివి చుట్టి నవారు పట్టీలతో బిగించారు, ఒక్క గీత పడలేదు. కానీ ఆ బొంతలు ఉతికి ఎన్నాళ్ళయిందో, ముక్కిపోయిన వాసన, సోఫా మీద వేయనివ్వలేదు నేను, మా దుప్పట్లే ఇచ్చా. ఇక ఫ్రిజ్ దగ్గరికొచ్చేసరికి సూపర్‌వైజర్ బండిలోంచి ఇంత లావు స్ట్రెచ్ ఫిల్మ్ (చుట్టే పల్చటి ప్లాస్టిక్) రోల్ తీశాడు! ఇదేంటండీ అంటే "తలుపు తెరుచుకుంటుంది మేడమ్, అలవాటు" అన్నాడు. తలుపుకి ఒక పట్టీ వేస్తే సరిపోతుంది కదా అంటే సరిపోతుందన్నాడు, వేశాడు. అడిగితే చేస్తారు, అడక్కపోతే రోల్ అయిపోతుంది.

బండి టాటా ఏస్ ఈవీ. చప్పుడు లేదు, సందులో రివర్స్ తీస్తుంటే కింద ఇంటి కుక్క కూడా లేవలేదు. కానీ అది 2022లో వచ్చిన మొదటి మోడల్, 600 కిలోలే మోస్తుంది, మాది రెండు బెడ్రూముల ఇల్లు, రెండు ట్రిప్పులు పడింది. టన్ను మోసే ఈవీ 2024లో వచ్చింది, బుక్ చేసేటప్పుడే అది ఉందా అని అడగండి. పాలు పొంగించే ముహూర్తం పొద్దున్నే కాబట్టి దేవుడి పటాలు, పాలు, పసుపు, ఉప్పు మేం కార్లో ముందే తీసుకెళ్ళాం, సామాను రెండో ట్రిప్పు వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాలు కూడా అయిపోయాయి. శ్రావణంలో వీళ్ళకి ఖాళీ ఉండదు, ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు కాబట్టి అందరూ ఒకేసారి పడతారు, అదొక గోల.

ఇప్పుడు అసలు కోపం. ప్యాకేజీలోనే ఏసీలు విప్పి బిగించడం ఉంది, దానికి వేరే మనిషిని పంపించారు. బెడ్రూములో ఉన్నది పాత ఏసీ, స్టిక్కర్ మీద ఆర్-410ఏ అని (లోపల చల్లబరిచే గ్యాస్ పేరు అది), గ్యాస్ ఒక కిలో పైన అని రాసి ఉంటుంది. ఆయన వచ్చాడు, స్పానర్ పెట్టి పైపు నట్టు లూజ్ చేశాడు, బుస్స్... అని తెల్లగా పొగలా వచ్చింది, నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి సగం పోయింది. ఏంటండీ ఇది అంటే "ఏం కాదు మేడమ్, కొత్త ఇంట్లో గ్యాస్ ఫిల్ చేస్తాం" అన్నాడు. ఆ ఫిల్లింగ్‌కి డబ్బులు వేరే, ప్యాకేజీలో లేవు, అర్థమైందిగా.

ఒక్క లెక్క చెప్తా. ఆ గ్యాస్ ఒక కిలో గాల్లోకి వదిలితే భూమిని వేడెక్కించడంలో వందేళ్ళ లెక్కలో 2088 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. లీటర్ డీజిల్ కాలిస్తే సుమారు 2.7 కిలోలు. అంటే ఒక్క ఏసీ గ్యాస్ 750 లీటర్ల పైన డీజిల్‌తో సమానం. మా సామాను డీజిల్ బండిలో రెండు ట్రిప్పులు వేసినా ఆరేడు లీటర్లు అయ్యేది! ఆ ఈవీని కూడా ఛార్జ్ చేసేది ఎక్కువగా బొగ్గు కరెంటుతోనే. బండి మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసుకుని, పైన బెడ్రూములో ఇదీ చేసే పని. మామూలు ప్యాకర్స్ వాళ్ళ మనిషి చేసినా తప్పే, గ్రీన్ అని నా దగ్గర రెండు వేలు ఎక్కువ తీసుకున్నవాళ్ళు చేస్తే ఏమనాలి?

హాల్లో ఏసీకి మాత్రం నేను దగ్గర నిలబడి పంప్ డౌన్ చేయించా. పెద్ద విద్యేం కాదండి. ఏసీ కూలింగ్‌లో నడుస్తుండగా అవుట్‌డోర్ యూనిట్ దగ్గర సన్న పైపు వాల్వు అలెన్ కీతో మూసేయాలి, కాసేపట్లో గ్యాసంతా అవుట్‌డోర్‌లోకి లాక్కుంటుంది, అప్పుడు లావు పైపు వాల్వు కూడా మూసి వెంటనే ఏసీ ఆఫ్ చేయాలి. కొన్ని నిమిషాల పని. ఆయనకి రాక కాదు, అలెన్ కీ జేబులోనే ఉంది. హాల్ ఏసీ కొత్తింట్లో బిగించగానే చల్లగా వచ్చింది, ఫిల్లింగ్ అక్కర్లేదు, ఆ డబ్బులూ మిగిలాయి. మీ ఏసీలో ఉన్నది ఆర్-32 అనే గ్యాస్ అయినా సరే చేయించండి, దాని హాని 410ఏలో మూడో వంతే, అయినా తక్కువేం కాదు.

కంపెనీకి ఫోన్ చేసి గొడవ పెట్టుకుంటే ఆ అమ్మాయి ఓపిగ్గానే విని, ఏసీ వాళ్ళు మా స్టాఫ్ కాదు బయటి వాళ్ళు అంది, బెడ్రూము ఫిల్లింగ్ ఛార్జీలో సగం తగ్గించారు. సగమే.

ఇక పారేసే వస్తువులు. వీళ్ళ వెబ్‌సైట్లో "మీ పాత సామాను బాధ్యతగా పంపిస్తాం" అని ఉంది, అడిగితే పాత బట్టలు, పేపర్లు తీసుకున్నారు, పరుపు తీసుకోం అన్నారు. కొబ్బరి పీచు పరుపు, ఎవరికి కావాలి, చివరికి మా వాచ్‌మన్ వాళ్ళ ఊరికి పంపించుకున్నాడు. ఇన్వర్టర్ బ్యాటరీ పాతదిచ్చి షాపులో కొత్తదాని మీద ధర తగ్గించుకున్నాం, అది సీసం, ఎవరికో అమ్మేసి చేతులు దులుపుకునేది కాదు. అటక మీద నుంచి దింపిన సామానులో మూడో వంతు నాగోల్ దాకా రానేలేదు.

క్రేట్లు వారం ఉంచుకోవచ్చు, ఆ తర్వాత రోజుకింత అని వేస్తారు. దానివల్ల ఒక లాభం ఏంటంటే, పోయిన ఇంట్లో రెండేళ్ళు విప్పని పెట్టెలు ఉండేవి మాకు, ఈసారి గడువు లోపల అన్నీ సర్దేశాం. వాళ్ళే ఒక రోజు ఆలస్యంగా వచ్చారు తీసుకెళ్ళడానికి, దానికి ఛార్జీ వేయబోతే ఒప్పుకోలేదు నేను.

మళ్ళీ పిలుస్తానా అంటే క్రేట్లకి, లోడింగ్ కుర్రాళ్ళకి పిలుస్తా. ఏసీలకి మాత్రం తెలిసిన మెకానిక్‌ని నేనే తెచ్చుకుంటా, పంప్ డౌన్ చేస్తావా అని ఫోన్లోనే అడిగి. అపార్ట్‌మెంట్ వాళ్ళు తీసుకునే లిఫ్ట్ ఛార్జీ వీళ్ళ కోట్‌లో ఉండదు, అది రెండు చోట్లా మీరే కట్టుకోవాలి.